రెండు లక్షలు కడితే పాప ఇండియాకి ఆడినట్టేనా?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. పాప 2009లో పుట్టింది, అంబత్తూరులో ప్లస్ వన్ చదువుతోంది, ఎత్తు 178 సెంటీమీటర్లు, స్కూలు జట్టులో నెట్ దగ్గర మధ్యలో ఆడుతుంది. పోయిన నెల ఎవరో ఒక్కరోజు సెలెక్షన్లు పెట్టి, మర్నాడే వాట్సాప్‌లో ఉత్తరం పంపారు. మలేషియాలో జరిగే ‘ఇంటర్నేషనల్ జూనియర్ విమెన్స్ వాలీబాల్ ఛాంపియన్‌షిప్’కి మీ పాప భారత జట్టులో ఎంపికైందట. పది రోజుల్లో లక్షా తొంభై వేలు కట్టాలట. ఈసారి వదిలేస్తే వయసు దాటిపోతుందట. మీవారు నెల్లూరు పొలం మీద అప్పు తెద్దామంటున్నారు, మీకేమో మనసొప్పడం లేదు. ఇది అసలుదేనా, అసలుది ఎలా ఉంటుంది, అక్కడికి వెళ్ళాలంటే పాప ఏం చేయాలి అని అడిగారు.

కట్టకండి. కింద రాసేదంతా ఎందుకు కట్టొద్దో, ఆ డబ్బూ రాబోయే రెండేళ్ళూ దేనిమీద పెట్టాలో చెప్పడానికే.

నా గురించి రెండు ముక్కలు. మాది బాపట్ల దగ్గర పల్లె. బడి వెనక మట్టి కోర్టు, సున్నంతో గీసిన గీతలు, రెండు తాటి మొద్దుల మధ్య నెట్. ఆంధ్ర తరఫున జూనియర్ నేషనల్స్ ఆడాను. ఆ కాగితంతోనే మద్రాసులో ఉద్యోగం దొరికింది, ఇక ఇక్కడే ఉండిపోయాను. ఇరవై ఏళ్ళుగా పొద్దునపూట పెరంబూరు వైపు ఆడపిల్లలకు ఆట నేర్పుతున్నాను. నేను ఇండియాకి ఆడలేదు. క్యాంపు దాకా వెళ్ళి పెట్టె సర్దుకుని వెనక్కి వచ్చినదాన్ని. ఎందుకు వెనక్కి వచ్చానో కింద చెబుతాను, మీ పాపకు పనికొచ్చేది అదే.

ముందు వయసు సంగతి తేల్చుకుందాం, మిమ్మల్ని తొందరపెడుతున్నది దాంతోనే కదా. జూనియర్ల ప్రపంచస్థాయి పోటీల్లో పైమెట్టు ఇది: మహిళల అండర్-21 ప్రపంచ ఛాంపియన్‌షిప్. నడిపేది అంతర్జాతీయ వాలీబాల్ సమాఖ్య, అంటే లొసాన్‌లో ఉన్న ఎఫ్ఐవీబీ. 1977లో బ్రెజిల్‌లో మొదలైంది. 2021 దాకా అండర్-20 అనేవారు, 2023 నుంచి అండర్-21 చేశారు. రెండేళ్ళకోసారి, బేసి సంవత్సరాల్లో జరుగుతుంది. 2025 ఆగస్టులో ఇండోనేషియాలోని సురబయాలో జరిగింది. దానికి 2005 జనవరి 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు అర్హులు. ఈ లెక్క ఇలాగే సాగితే 2027లో 2007లో గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు, 2029లో 2009లో గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు ఆడతారు. మీ పాప ముందు రెండు పోటీలున్నాయి. రెండోది జరిగే ఏడాది తనకు ఇరవై నిండుతాయి, అంటే సరైన వయసులో ఉంటుంది. ఈసారి వదిలేస్తే వయసు దాటిపోతుందని చెప్పినవాడికి ఈ లెక్క తెలియదో, లేక మీకు తెలియదనుకున్నాడో.

రెండోది, ఆ పోటీకి మనుషులు దరఖాస్తు పెట్టుకోలేరు. దేశాలు వెళ్తాయి. మన ఖండంలో ముందు ఏడాది ఆసియా అండర్-20 పోటీ జరుగుతుంది, ప్రధానంగా అందులో పైన నిలిచిన దేశాలకు చోటు దొరుకుతుంది. జట్టు పేర్లు పంపేది జాతీయ సమాఖ్య. ఒక ట్రస్టు, ఒక అకాడెమీ, ఒక ‘ఇండో’ అనో ‘గ్లోబల్’ అనో మొదలయ్యే సంఘం పంపితే ఆ జట్టు ఎఫ్ఐవీబీ దృష్టిలో సెలవులకు ఊరు చూడ్డానికి వచ్చిన పిల్లల గుంపే. మీకొచ్చిన ఉత్తరంలో పోటీ పేరు తీసుకుని ఎఫ్ఐవీబీ క్యాలెండరులోనూ, ఆసియా సమాఖ్య క్యాలెండరులోనూ వెతకండి. రెండూ వాళ్ళ వెబ్‌సైట్లలో ఎవరైనా చూడొచ్చు. లేకపోతే లేనట్టే.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. డబ్బు అడిగారు కాబట్టి దొంగ అని తీర్మానించలేం. అసలు జాతీయ జట్లకు కూడా కొన్నిసార్లు ‘ప్రభుత్వానికి ఖర్చు లేకుండా’ అనే షరతు మీద అనుమతి వస్తుంది, అప్పుడు సమాఖ్యో, రాష్ట్ర సంఘమో, ఆఖరికి తల్లిదండ్రులో భరించిన సందర్భాలుంటాయి. అందుకని డబ్బు కంటే దారి చూడండి. పాప జిల్లాకు ఆడిందా? రాష్ట్రానికి ఆడిందా? నేషనల్స్‌లో ఎవరైనా చూసి క్యాంపుకి పిలిచారా? ఇవేవీ లేకుండా ఒక్క ఆదివారం గ్రౌండులో గెంతించి ‘ఇండియా’ అని రాసిన జెర్సీ ఇస్తున్నారంటే అది జెర్సీ అమ్మకం.

పదేళ్ళ కిందట నా దగ్గర ఆడిన ఒక అమ్మాయి ఇలాగే వెళ్ళింది. నాకు చెప్పకుండానే వెళ్ళింది, చెబితే వద్దంటానని. పక్క దేశంలో నాలుగు జట్లు, అందులో రెండు మన దేశం నుంచే వెళ్ళినవి. మూడు రోజులు ఆట, రెండు రోజులు షాపింగ్. అరచేతి మందాన మెడల్ తెచ్చుకుంది. వీధిలో ఫ్లెక్సీ కట్టారు. నాలుగేళ్ళ తర్వాత ఉద్యోగానికి స్పోర్ట్స్ కోటాలో ఆ సర్టిఫికెట్ పెడితే పరిశీలనలో పక్కన పెట్టేశారు. ఆ పిల్ల ఏడుస్తూ నా దగ్గరికొస్తే నేనేం చేయగలను?

ఆ పరిశీలన ఎలా ఉంటుందో మీవారికి చెప్పండి, అప్పు తెచ్చే ముందు అదే వినాలి. కేంద్ర ప్రభుత్వ కొలువుల్లో క్రీడాకారులకు నమూనా ఫారాలున్నాయి. ఫారం-1 దేశం తరఫున అంతర్జాతీయ పోటీ ఆడినవాళ్ళకు, దాని మీద జాతీయ సమాఖ్య కార్యదర్శి సంతకం ఉండాలి. ఫారం-2 రాష్ట్రం తరఫున నేషనల్స్ ఆడినవాళ్ళకు, రాష్ట్ర సంఘం కార్యదర్శి సంతకం చేస్తారు. ఫారం-3 అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు. ఫారం-4 స్కూళ్ళ జాతీయ పోటీలకు. చూశారా, స్కూల్ గేమ్స్ కాగితానికి కూడా ఇక్కడ ఒక గడి ఉంది. మలేషియా మెడల్‌కి ఏ గడీ లేదు. మా ఊళ్ళో నాతో ఆడినవాళ్ళలో నలుగురు ఆ రెండో ఫారం మీదే రైల్వేలోనూ, పోలీసు శాఖలోనూ చేరి రిటైరయ్యారు. లక్షా తొంభై వేలకు అలాంటి సంతకం దొరకదు. జిల్లా సెలెక్షన్లకు బస్సు టికెట్ పెట్టుకుంటే దారి మొదలవుతుంది.

ఆ దారి ఎలాగంటే, స్కూలు ఆట ఒక వైపు, సంఘం ఆట ఒక వైపు నడుస్తాయి. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ వాళ్ళవి అండర్-14, 17, 19 పోటీలు. పాప ఇప్పుడు అండర్-17కో 19కో వస్తుంది, పుట్టిన తేదీ బట్టి పీఈటీ సార్ చెబుతారు. సంఘం వైపు జిల్లా జట్టు, దాన్నుంచి రాష్ట్ర జట్టు, దాన్నుంచి సబ్‌జూనియర్, యూత్, జూనియర్ నేషనల్స్. వీటికి తోడు ఖేలో ఇండియా యూత్ గేమ్స్ ఉన్నాయి. 2024 జనవరిలో ఇవి తమిళనాడులోనే జరిగాయి, చెన్నై, మదురై, తిరుచ్చి, కోయంబత్తూరుల్లో. మా పిల్లల్ని తీసుకెళ్ళి చూపించాను. టీవీలో చూడటం వేరు, తమ వయసు అమ్మాయి సర్వీస్ బంతి నెట్ దాటగానే వణికి కిందికి జారడం కళ్ళముందు చూడటం వేరు. రాష్ట్ర క్రీడాప్రాధికార సంస్థ, అదే ఎస్‌డీఏటీ, హాస్టళ్ళు కూడా నడుపుతుంది. ఎంపికైతే బస, తిండి, కోచింగ్ వాళ్ళే చూసుకుంటారు. సీఎం ట్రోఫీ పోటీల్లో ఆడించండి, చూసేవాళ్ళు అక్కడికి వస్తారు.

‘మేం తెలుగువాళ్ళం కదా, ఆంధ్ర తరఫున అయితే సులువేమో?’ చెన్నైలో ఈ ప్రశ్న అడగని తెలుగు తల్లిదండ్రులు నాకింతవరకు తగల్లేదు. పాప ఎక్కడ చదువుతోందో, ఏ ఊరి గ్రౌండులో రోజూ ఆడుతోందో ఆ రాష్ట్రానికే ఆడించండి. నెల్లూరు చిరునామాతో ఒక ఆధారం, అంబత్తూరు చిరునామాతో ఒకటి పెట్టుకుని రెండు పడవల మీద కాళ్ళు పెడితే ఏదో ఒకరోజు రెండు వైపులా తీసేస్తారు. పేరు కూడా అంతే. పుట్టిన సర్టిఫికెట్‌లో, ఆధార్‌లో, పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకేలా ఉండేట్టు ఇప్పుడే సరిచేసుకోండి. ఇక్కడ తండ్రి పేరు మొదటి అక్షరాన్ని ఇనిషియల్‌గా రాస్తారు, మనం ఇంటిపేరు రాస్తాం, ఈ గొడవలో నా దగ్గర ఒక పిల్లకు పాస్‌పోర్టు ఆలస్యమైంది. వయసు మోసాల మీద 2010 నుంచి జాతీయ నియమావళి ఉంది, ఎముకల ఎక్స్‌రే తీసి చూస్తారు. ఏడాది తగ్గించి రాయిద్దామని సలహా ఇచ్చే కోచ్ కనబడితే ఆ గ్రౌండు గేటు దాటి బయటికి వచ్చేయండి.

ఈ దారి సాఫీగా ఉంటుందని మాత్రం నేను చెప్పను. మన జాతీయ సమాఖ్యలో అంతర్గత గొడవల వల్ల 2016 చివర్లో ఎఫ్ఐవీబీ దాన్ని సస్పెండ్ చేసింది. ఆ తర్వాత కూడా కోర్టు కేసులు, తాత్కాలిక కమిటీలు చూశాం. పెద్దవాళ్ళ కుర్చీల తగాదాలో పిల్లల వయసు గడిచిపోతుంది. ఈ దొంగ పోటీలు పుట్టుకొచ్చేది కూడా ఆ సందులోంచే. అసలు తలుపు ఎప్పుడు తెరుస్తారో తెలియనప్పుడు పక్క కిటికీ చూపించేవాడికి గిరాకీ ఉంటుంది.

సరే, ఇప్పుడు ఆటలోకి వద్దాం. నాకు రాయాలనిపించింది అసలు ఇదే.

పాప 178 అన్నారు, మీ ఉత్తరంలో మూడుసార్లు అన్నారు. మురిపెం ఉండటం సహజం. ఆడవాళ్ళ నెట్ ఎత్తు 2.24 మీటర్లు. జూనియర్లకూ అంతే, సీనియర్లకూ అంతే. 178 ఉన్న పిల్ల నిలబడి చెయ్యి ఎత్తితే వేళ్ళు నెట్ పై అంచు దాటి ఐదారు సెంటీమీటర్లు పైకి పోవచ్చు. దాంతో స్కూలు స్థాయిలో బ్లాక్ చేయడానికి, అంటే అవతలివాళ్ళు కొట్టిన బంతిని నెట్ మీదే ఆపడానికి, పెద్దగా ఎగరక్కర్లేదు. పీఈటీ సార్లు చేసే పని ఇక్కడే మొదలవుతుంది. పొడుగు పిల్లని నెట్ మధ్యలో నిలబెడతారు. వెనక వరుసకు రాగానే బయటికి పిలిచి, లిబరోని లోపలికి పంపుతారు. వేరే రంగు జెర్సీ వేసుకుని వెనక మాత్రమే ఆడే అమ్మాయి, ఆమే లిబరో. 1998లో వచ్చిన ఈ నియమం ఆటను అందంగా మార్చింది, ర్యాలీలు పొడవయ్యాయి, పొట్టి పిల్లలకు చోటు దొరికింది. నాకేం ఫిర్యాదు లేదు. కానీ పదమూడేళ్ళ పొడుగు పిల్లకు ఆ నియమం చేసే అన్యాయం ఎవరూ గమనించరు. ఆమె ఐదేళ్ళు ఆడుతుంది, ఐదేళ్ళలో సర్వీస్ రిసీవ్ చేయదు, అంటే అవతలివాళ్ళ సర్వీసును ముంజేతులతో తీయదు. వంగదు. నేల మీద పడదు. బంతి తన ముంజేతుల మీద ఎలా పలుకుతుందో ఆమెకు తెలియదు.

నేను క్యాంపు నుంచి వెనక్కి వచ్చింది కూడా దీనికే. మా రోజుల్లో లిబరో లేదు, అయినా మా మాస్టారు నన్ను కొట్టడానికే తయారు చేశారు, రిసీవ్‌కి నా పక్క అమ్మాయి అడ్డం వచ్చేది. క్యాంపులో మూడో రోజు కోచ్ నా మీదకే వరసగా సర్వీసులు వేయించారు. ఇరవై బంతుల్లో లిఫ్టర్ చేతికి చేరినవి నాలుగో ఐదో. (కొట్టేవాళ్ళకు బంతి ఎత్తి ఇచ్చే సెట్టర్‌ని మా వైపు లిఫ్టర్ అనేవాళ్ళం, ఇప్పటికీ నోటికి అదే వస్తుంది.) ఐదో రోజు సాయంత్రం జాబితాలో నా పేరు లేదు.

ఎత్తు అక్కర్లేదని నేననను. ప్రపంచ జూనియర్ జట్ల జాబితాలు చూస్తే ఎగిరి కొట్టే ఎత్తు అనే గడిలో మూడు మీటర్ల చుట్టుపక్కల అంకెలుంటాయి. 178 అక్కడ సాధారణం, మధ్యలో ఆడేవాళ్ళకైతే తక్కువ. అంటే ఇప్పుడు ఏ స్థానంలో మీ పాపను నిలబెట్టారో, పైకి వెళ్ళేకొద్దీ ఆ స్థానంలోనే తను పొట్టిదవుతుంది. అందుకే ఇప్పుడే పక్కకు జరిపించండి, అంటే ఎడమ వైపు నుంచి కొట్టే స్థానానికి. అక్కడ ఆడేవాళ్ళు రిసీవూ చేయాలి, కొట్టనూ కొట్టాలి.

చైనాకి చెందిన జూ టింగ్ ఆడిన మ్యాచ్‌లు ఎక్కడైనా దొరికితే పాపకు చూపించండి. హెనాన్ రాష్ట్రంలో రైతు కుటుంబం పిల్ల, ఎత్తు 198. 2013లో చెక్ దేశంలోని బ్రనోలో ఇదే జూనియర్ ప్రపంచ పోటీలో చైనా గెలిచింది, ఉత్తమ క్రీడాకారిణి ఆమే. మూడేళ్ళకు రియో ఒలింపిక్స్‌లో చైనాకు బంగారం, అక్కడా ఉత్తమ క్రీడాకారిణి ఆమే. అందరూ ఆమె కొట్టడమే చూస్తారు. మీరు సర్వీస్ వచ్చే క్షణంలో ఆమె ఎక్కడుందో చూడండి. అంత పొడుగు మనిషి వెనక్కి వచ్చి, నడుం వంచి, చేతులు చాచి రిసీవ్ వరసలో నిలబడి ఉంటుంది.

ఇంకోవైపు 2019. మెక్సికోలో ఫైనల్, జపాన్, ఇటలీ. ఇటలీ పిల్లలు పక్కన నిలబడితే జపాన్ పిల్లలు స్కూలు పిల్లల్లా ఉన్నారు. జపాన్ 3-2తో గెలిచింది. ఆ పోటీలో ఉత్తమ క్రీడాకారిణి ఇషికావా మాయు ఎత్తు 174, అంటే మీ పాప కంటే నాలుగు సెంటీమీటర్లు తక్కువ. జపాన్‌కి ఇది కొత్త విద్య కాదు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో సోవియట్ జట్టును ఓడించిన వాళ్ళ ఆడపిల్లల్లో ఎక్కువమంది ఒకే బట్టల మిల్లు జట్టువాళ్ళు. నేల మీద దొర్లి బంతి తీసి, దొర్లుతూనే లేచి నిలబడటం అనే విద్యను ప్రపంచానికి చూపించింది వాళ్ళే. మట్టి కోర్టులో మా మాస్టారు మా చేత దొర్లించినప్పుడు మోకాళ్ళు చెక్కుకుపోయేవి, అమ్మ పసుపు రాసేది, ఆయన్ని తిట్టేది. ఆయన ఎవర్ని అనుకరిస్తున్నారో నాకు చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు.

ఈ జూనియర్ టైటిల్ మొదటి రెండుసార్లు, 1977లోనూ 1981లోనూ, దక్షిణ కొరియాది. 2015లో డొమినికన్ రిపబ్లిక్ గెలిచింది, అదేం పెద్ద దేశం కాదు. పొడుగు జనం ఉన్న దేశాలదే రాజ్యమైతే ఈ జాబితా ఇలా ఉండదు.

ఇటలీది వేరే కథ, అది మన తలకాయలకు ఎక్కాల్సిన కథ. 2021లో ఈ టైటిల్ వాళ్ళదే, 2025 సురబయాలోనూ వాళ్ళదే. మధ్యలో 2024 పారిస్‌లో సీనియర్ల ఒలింపిక్ బంగారం. ఆ బంగారానికి కోచ్ హులియో వెలాస్కో, అర్జెంటీనా మనిషి. ఆయనే 1998లో క్లబ్ ఇటాలియా అనే ఏర్పాటుకి ఆద్యుడు. దేశంలో మంచి జూనియర్ అమ్మాయిల్ని ఒకచోట చేర్చి, ఒక జట్టుగా పెద్దవాళ్ళ లీగ్‌లో ఏడాది పొడుగునా ఆడించడం. ఓడిపోతారు, వారం వారం ఓడిపోతారు, అయినా ఆడిస్తారు. ఆ పారిస్ జట్టులో ఆడిన పావోలా ఎగోను అక్కడ ఆడి వచ్చిన పిల్లే. పద్దెనిమిదేళ్ళకు ఆ పిల్లల కాళ్ళలో ఎన్ని మ్యాచ్‌లుంటాయో ఊహించుకోండి. నా దగ్గర ఆడే పిల్లలకు నేను పుస్తకంలో రాసి పెడతాను. మంచి ఏడాదిలో అసలైన మ్యాచ్‌లు ఇరవై ఐదు దాటవు. సగం నాకౌట్లు, పొద్దున ఓడితే మధ్యాహ్నం బస్సు.

సురబయాలో 24 జట్లు, ఆరేసి జట్లతో నాలుగు గ్రూపులు. ఫైనల్ దాకా వెళ్ళిన అమ్మాయి పదకొండు రోజుల్లో తొమ్మిది మ్యాచ్‌లు ఆడింది. మన పిల్లల్ని ఏకంగా అందులో దింపితే నాలుగో రోజుకి కాళ్ళు లేవవు, ఐదో రోజుకి సర్వీస్ నెట్‌లో పడుతుంది. ఆడి ఆడి అలవాటైనవాళ్ళకే ఆ పదకొండు రోజులు.

కాబట్టి ఆ లక్షా తొంభైలో పదో వంతు ఖర్చుపెట్టి ఈ ఏడాది మ్యాచ్‌లు కొనండి. ఇది మాత్రం కొనదగ్గదే. సెలవుల్లో సేలం, ఈరోడ్, తిరునల్వేలి వైపు ఊళ్ళల్లో టోర్నమెంట్లు జరుగుతుంటాయి, రాత్రిళ్ళు లైట్ల కింద, చుట్టూ జనం ఈలలు వేస్తూ. మన కృష్ణా, గుంటూరు వైపు సంక్రాంతికి జరుగుతాయి. ఏదో ఒక క్లబ్బుతో కలిపి పంపండి, మీరూ తోడు వెళ్ళండి. ఒక మంచి బంతి కొనండి. ఎఫ్ఐవీబీ 2019 నుంచి వాడుతున్న మికాసా వీ200డబ్ల్యూ బంతికీ స్కూలు రబ్బరు బంతికీ చేతి మీద స్పర్శే వేరు. ఆ బంతికి గాలి ఎక్కువ కొట్టించకండి. మన గ్రౌండుల్లో రాయిలా కొట్టి పెడతారు, పిల్లలు రిసీవ్ అంటే భయపడేది సగం దానికే.

ఇంటి దగ్గర చేయాల్సింది చాలా చిన్నది. రోజూ రెండు వందల బంతులు ముంజేతుల మీదకు రావాలి. తమ్ముడు విసిరినా చాలు, గోడ విసిరినా చాలు. మొదటి నెల బంతి నేరుగా వద్దు, అడుగు పక్కకు వేసి తీసేట్టు విసరమనండి. చేతులు ఊపకూడదు, మోకాళ్ళు వంచి కింద నుంచి లేవాలి. పాపకు విసుగొస్తుంది. కొట్టడంలో ఉన్న చప్పుడు దీంట్లో ఉండదు, ఎవరూ చప్పట్లు కొట్టరు. నేనైతే మా పిల్లలకు గోడ మీద తువాలంత గడి గీసి, వరసగా పది అందులో పడితేనే స్మాష్ కొట్టనిస్తాను. తిట్టుకుంటారు, తిట్టుకోనీండి.

ఒంటి సంగతి మగ కోచ్‌లు చెప్పరు కాబట్టి నేను చెబుతాను. ఈ వయసు ఆడపిల్లల్లో మోకాలి లోపలి లిగమెంట్ తెగడం మగపిల్లల కంటే ఎక్కువ. ఎక్కువగా తెగేది ఎగిరి దిగేటప్పుడు, ఒంటికాలి మీద, మోకాలు లోపలికి వాలినప్పుడు. పాప బ్లాక్ చేసి దిగడం పక్కనుంచి ఫోన్‌లో తీసి చూడండి. రెండు కాళ్ళ మీద, మోకాళ్ళు వంగి, చప్పుడు లేకుండా దిగాలి. ధన్‌మని చప్పుడొస్తే గెంతులు తగ్గించి దిగడం నేర్పమనండి. సిమెంటు కోర్టు మీద రోజూ గెంతించే కోచింగ్ వద్దు. నెలసరి రెండు మూడు నెలలు ఆగిపోతే ‘ఆటలాడే పిల్లకు మామూలే’ అని వదిలేయకండి, తిండి చాలట్లేదని అర్థం కావచ్చు, డాక్టరుకి చూపించండి. హిమోగ్లోబిన్ పరీక్ష ఆరునెలలకోసారి చేయించండి. గోంగూర, తోటకూర, గుడ్డు, చేప, పప్పు ఉంటే చాలు, జిమ్ కుర్రాడు ఇచ్చే పొడి డబ్బా ముట్టుకోనివ్వకండి. అందులో ఏం కలిపారో ఎవరికీ తెలియదు, డోపింగ్ నియమాలు మైనర్లకూ వర్తిస్తాయి. కత్తిరి ఎండల్లో ప్రాక్టీసు పొద్దున ఐదున్నరకు మొదలై ఎనిమిదిలోపు ముగియాలి, సాయంత్రం ఆరు తర్వాతే మళ్ళీ.

చదువు గురించి మీరడగలేదు గానీ మీవారు అడుగుతారు. ప్లస్ టూ ఏడాది ఆట పూర్తిగా మాన్పించొద్దు, వారానికి మూడు పొద్దుళ్ళు చాలు. ఏడాది ఆపి మళ్ళీ మొదలుపెట్టిన పిల్లను నేను ఇరవై ఏళ్ళలో ఇద్దర్నే చూశాను. కాలేజీలో చేరేటప్పుడు స్పోర్ట్స్ కోటా ఉన్నచోట చేర్పిస్తే ఫీజు మిగులుతుంది, విశ్వవిద్యాలయ పోటీలు దొరుకుతాయి. ఇందాక చెప్పిన ఫారం-3 అక్కడే వస్తుంది.

ఇంత చేసినా ఇండియాకి ఆడుతుందా? చెప్పలేను. మన ఆడపిల్లల జట్టుకు ఆసియా క్రీడల్లో ఇప్పటిదాకా పతకం లేదు. మగవాళ్ళకు చివరి పతకం 1986 సియోల్ కాంస్యం, ఆ జట్టులో మన పీవీ రమణ గారున్నారు, సింధు నాన్నగారు. సింధు అమ్మగారూ వాలీబాల్ ఆడినవారే, ఆ ఇంట్లో పిల్ల మాత్రం రాకెట్ పట్టుకుంది, అదంతా మన ఆట దురదృష్టం అని మేం పాత ఆటగాళ్ళం నవ్వుకుంటాం. అయినా 2009లో పుణెలో జూనియర్ మగపిల్లల ప్రపంచ పోటీ జరిగినప్పుడు మన జట్టు నాలుగో స్థానం దాకా వెళ్ళింది. నాలుగో స్థానం! ఆ వారం నేను ఆఫీసుకు సెలవు పెట్టాను. ఆడపిల్లలకూ అలాంటి వారం ఒకటి రావాలని నా కోరిక, మీ పాప అందులో ఉంటే ఇంకా సంతోషం. లేకపోయినా ఫారం-2 దాకా రాగల ఒడ్డూ పొడుగూ ఉన్న పిల్లే.

ఆ వాట్సాప్ వాళ్ళతో గొడవ పెట్టుకోకండి. ‘జాతీయ సమాఖ్య ఇచ్చిన ఎంపిక ఉత్తరం కాపీ పంపండి, చూసి కడతాం’ అని ఒక్క వాక్యం రాయండి. పాస్‌పోర్టు, ఆధార్ కాపీలు మాత్రం పంపొద్దు. ఇప్పటికే పంపి ఉంటే, అడ్వాన్సు ఏమైనా కట్టి ఉంటే చెప్పండి, ఆ వివరం వేరేగా రాస్తాను.

ఇంకోటి. ఈ ఆదివారం పాప చేతివేళ్ళకు చాక్‌పీసు పొడి రాసి, గోడ పక్కన నిలబెట్టి, మడమలు ఎత్తకుండా అందినంత ఎత్తున గుర్తు పెట్టించండి. తర్వాత మూడడుగులు వేసి ఎగిరి పైన ఇంకో గుర్తు. రెండూ టేపుతో కొలిచి ఇక్కడే రాయండి. వాటితోపాటు తమ్ముడి చేత ఇరవై బంతులు పక్కకు విసిరించి, ఎన్ని తిరిగి తమ్ముడి చేతికే చేరాయో అదీ రాయండి. నేను ముందు చూసేది ఆ మూడో అంకె.